‘గైస్’ అంటే అందరూనా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌ని. టీమ్‌లో పదకొండు మంది, అందులో నలుగురు అమ్మాయిలు. క్లయింట్ వాళ్లు అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉంటారు. సాయంత్రం కాల్‌లో “హాయ్ గైస్” అని మొదలుపెట్టడం నాకు ఏళ్లుగా అలవాటు. పోయిన నెల అటువైపు ఉన్న ఒకావిడ నాకు విడిగా మెసేజ్ పెట్టింది. “ఏమీ అనుకోకండి, ఆ మాట మగవాళ్లని పిలిచినట్టు ఉంటుంది, ఇంకో మాట వాడితే బాగుంటుంది” అని. నాకు ఒళ్లు మండింది. నేనే ఆడదాన్ని. ఆ మాట మనకి నేర్పిందే వాళ్లు. మా టీమ్ అమ్మాయిల్ని అడిగితే “మాకేం ప్రాబ్లమ్ లేదు మేడమ్” అన్నారు. మావారైతే “వాళ్లకి పనేం లేదు” అని నవ్వేశారు.

ఇంకోటి. టీమ్‌లో ఒక కుర్రాడు, కొత్తగా చేరిన అమ్మాయిని ప్రతి మాటకీ “బ్రో” అంటాడు. లంచ్ దగ్గర ఆ అమ్మాయి నాతో “అలా పిలిస్తే అదోలా ఉంటుంది మేడమ్, కానీ చెప్తే ఓవర్ చేస్తున్నా అనుకుంటారు” అంది. ఇంటికొస్తే ఇంటర్ చదివే మా అమ్మాయి నన్నే “డ్యూడ్” అంటోంది. ఇంతకీ ఈ మాటలు ఆడా మగా అందరికీ పనికొస్తాయా, రావా? నేను మారాలా, టీమ్‌ని మార్చాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

మీ ఉత్తరంలో ఎక్కువ చోటు ‘గైస్’ తీసుకుంది. సోమవారం ఆఫీసుకి వెళ్లాక ముందు చూడాల్సింది మాత్రం ‘బ్రో’ సంగతి. అందుకని అక్కడే మొదలుపెడతాను.

‘బ్రో’ అందరికీ వర్తిస్తుందా లేదా అని మనం గంటసేపు వాదించుకోవచ్చు. ఆ అమ్మాయి విషయంలో ఆ వాదన అనవసరం. తనని అలా పిలిస్తే బాగోలేదని ఆమె నోరు తెరిచి చెప్పింది. అదీ మీకు, అంటే ఆమె పై అధికారికి, చెప్పింది. కొత్తగా చేరిన పిల్ల అంత ధైర్యం చేసిందంటే చాలాసార్లు మింగి ఊరుకున్నాకే చేసి ఉంటుంది. దీనికి డిక్షనరీ తెరవక్కర్లేదు.

ఆ కుర్రాడు చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. మన ఆఫీసుల్లో ఈ మాట ఇంతగా పాకడానికి ఒక కారణం ఉంది. తోటి వయసు ఆడపిల్లని తేలిగ్గా పిలవడానికి తెలుగు కుర్రాడి దగ్గర మాట లేదు. పేరు చివర ‘గారు’ పెడితే దూరం. ‘మేడమ్’ అంటే హోదా. ‘అక్కా’ అంటే వయసు ఎత్తిచూపినట్టు, ‘చెల్లీ’ అంటే లేని చుట్టరికం కలుపుకున్నట్టు. వట్టి పేరు పెట్టి పిలిస్తే మరీ చనువేమో అని అతనికి భయం, పక్క సీటు వాళ్లు ఏమనుకుంటారో అని ఇంకో భయం. తోటి మగవాళ్లకైతే మామా, బావా, అన్నా, భయ్యా, బాస్, గురూ అని బోలెడున్నాయి. ఆ ఇరుకులోంచి బయటపడటానికి ‘బ్రో’ దొరికింది. పైగా ‘నాకు నీ మీద వేరే ఉద్దేశాలేమీ లేవు’ అని అడక్కుండానే చాటుకోవడానికి కూడా పనికొస్తుంది. కొందరమ్మాయిలకి ఇది నచ్చుతుంది, జట్టులో కలుపుకున్నట్టు అనిపిస్తుంది. వాళ్లూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. ఇంకొందరికి అదే మాట ‘నువ్వు ఆడపిల్లవన్న సంగతి పక్కన పెడితేనే ఇక్కడ నీకు చోటు’ అన్నట్టు వినిపిస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మీ టీమ్‌లో అమ్మాయి రెండో రకం, అంతే.

ముందు ఆమెని అడగండి, “నేను ఒక మాట చెప్పనా, నీ పేరు రానివ్వను” అని. సరే అంటే ఆ కుర్రాడొక్కడినే పిలిచి కాదు, అలా పిలిచే అలవాటున్న ఇద్దరు ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టి, “కాల్స్‌లో, మీటింగుల్లో అందర్నీ పేర్లతో పిలుద్దాం. బ్రో, మామా చాయ్ దగ్గర పెట్టుకోండి, అక్కడ కూడా ఎదుటివాళ్లకి నచ్చితేనే” అని చెప్పండి. అతన్నొక్కడినే పిలిస్తే ఎవరు చెప్పారో లిఫ్ట్ దిగేలోపు కనిపెట్టేస్తాడు. ఆమెని పేరుతో పిలవడం మీరే ముందు అందరి ఎదుట మొదలుపెట్టండి. మేనేజర్ ఎలా పిలిస్తే టీమ్ అలా పిలుస్తుంది.

ఒంటరిగా ఒక మనిషికి తగిలే ఇలాంటి మాటల విషయంలో ఇంకొకళ్లని కూడా గుర్తుపెట్టుకోవాలి. ట్రాన్స్ మహిళలు. తాను మగవాడిని కానని ఇంట్లో, బడిలో, ఆధార్ కార్డు దగ్గర ఏళ్ల తరబడి పోరాడిన మనిషిని ‘బ్రో’ అనో ‘డ్యూడ్’ అనో పిలిచి, “అది అందరికీ వాడే మాటేగా” అంటే ఆ వివరణ ఎంతమాత్రం పనికిరాదు. వాళ్లకి ఆ మాట ఎప్పుడూ తటస్థంగా తగల్లేదు.

ఇప్పుడు ‘గైస్’.

ఈ మాట పుట్టుక విచిత్రంగా ఉంటుంది. 1605 నవంబర్ 5న లండన్‌లో పార్లమెంటు ప్రభువుల సభ కింద మందుగుండు పీపాలకి కాపలా కాస్తూ గై ఫాక్స్ అనే ఆయన దొరికిపోయాడు. రాజు మొదటి జేమ్స్‌ని సభతో సహా పేల్చేయాలన్న కుట్ర అది. అప్పట్నుంచి ఇంగ్లండులో ఏటా ఆ రోజున మంటలు వేసి, మనం దసరాకి రావణుడి బొమ్మ కాల్చినట్టు, ఆయన బొమ్మ కాలుస్తారు. పాత బట్టలు తొడిగిన ఆ గడ్డిబొమ్మ పేరే ‘గై’. తర్వాత వికారంగా బట్టలేసుకున్న మగవాణ్ణి ‘గై’ అన్నారు. అట్లాంటిక్ దాటి అమెరికా చేరేసరికి ఆ వికారం రాలిపోయి, వట్టి ‘మగమనిషి’ మిగిలాడు. అంటే పుట్టుకతో అది నూటికి నూరుపాళ్లు మగ మాటే, అందులోనూ ఒక మగవాడి సొంత పేరు.

పుట్టుకని బట్టి మాటకి తీర్పు చెప్పకూడదు లెండి. అలా అయితే సగం నిఘంటువు జైల్లో ఉండాలి. ఇంగ్లిష్‌లో ‘గర్ల్’ అనే మాట ఒకప్పుడు మగపిల్లాడైనా ఆడపిల్లైనా ఏ పిల్లకైనా వాడేవాళ్లు. మాటలు అటూ ఇటూ జరుగుతాయి. ‘గైస్’ ఎందుకు జరిగింది అన్నదే ఇక్కడ అసలు సంగతి, అది మీలాంటి తెలుగువాళ్లకి బాగా అర్థమవుతుంది.

ఇంగ్లిష్‌కి ‘మీరు’ లేదు. ఒకప్పుడు ఉండేది. ఒక్కరిని ‘దౌ’ అనేవాళ్లు, పలువురిని, పెద్దవాళ్లని ‘యూ’ అనేవాళ్లు. మర్యాద కోసం అందరినీ ‘యూ’ అనడం మొదలుపెట్టి, చివరికి మామూలు మాటల్లోంచి ‘దౌ’నే పోగొట్టుకున్నారు. ఇప్పుడు ‘యూ’ అంటే నువ్వా, మీరా, మీరంతానా? తేలదు. ఆ కంత పూడ్చుకోవడానికి ఒక్కో ఊరూ ఒక్కో మాట తయారుచేసుకుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ‘యాల్’. పిట్స్‌బర్గ్‌లో ‘యిన్జ్’. న్యూయార్క్ చుట్టుపక్కల కొందరు ‘యూజ్’. ఇంగ్లండులో ‘యూ లాట్’. అమెరికా ఉత్తరాదిలో, మీ క్లయింట్ ఉండే మినియాపొలిస్ వైపు, ‘యూ గైస్’. అంటే ఆ ‘గైస్’ చేసే పని అక్కడ మనుషుల గురించి చెప్పడం కూడా కాదు, బహువచన ప్రత్యయంలా ‘యూ’ వెనక అతుక్కుని ఉంటుంది. 1971లో మొదలైన ఒక పిల్లల టీవీ కార్యక్రమంలో రీటా మొరేనో అనే నటి “హే యూ గైస్!” అని గొంతు చించుకుని అరిచేది. అది వింటూ పెరిగిన పిల్లల్లో ఆడపిల్లలు కూడా ఉన్నారు, మమ్మల్ని కాదులే అని ఎవరూ అనుకోలేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి, గుంపుని ఉద్దేశించి “హాయ్ గైస్” అన్నప్పుడు అమెరికాలో చాలామందికి అది ఆడా మగా అందరినీ పిలిచినట్టే వినిపిస్తుంది. మన దగ్గర అంతకన్నా ఎక్కువ. తెలుగు యూట్యూబ్‌లో గుత్తివంకాయ కూర చేసి చూపించే అక్కలు “హాయ్ గైస్” అనే మొదలుపెడతారు. చూసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లేనని వాళ్లకి బాగా తెలుసు.

కానీ ఆ ఒక్క చోటు దాటి చూడండి. చిన్నప్పుడు విభక్తులు బట్టీపట్టాం కదా, “ఓ, ఓయి, ఓరి, ఓసి – సంబోధన ప్రథమా విభక్తి” అని. పిలవడానికి మన వ్యాకరణం వేరే గది కట్టిపెట్టింది. పిలుపులో మాట ఒకలా ప్రవర్తిస్తుంది, మనిషి గురించి చెప్పేటప్పుడు ఇంకోలా. ‘గైస్’ కూడా అంతే. పిలుపులో అందరూ. చెప్పేటప్పుడు? “ఆ క్లాసులో గైస్ ఎక్కువ” అని మీ అమ్మాయి అంటే మీకేం అర్థమవుతుంది? ఏకవచనంలో అయితే అనుమానమే లేదు. “బయట ఒక గై నిలబడి ఉన్నాడు” అంటే ‘ఉన్నాడు’ అనే అంటాం, ఇంకో క్రియ నోటికి రాదు.

ఇక్కడే మీ ఆఫీసు సంగతి వస్తుంది. మీరు “హాయ్ గైస్” గురించి అడిగారు. నేనైతే “డేటాబేస్ గై” గురించి అడుగుతాను. “నెట్‌వర్క్ గైస్‌ని అడుగు”, “టెస్టింగ్ గైస్ ఇంకా క్లియర్ చేయలేదు”, “మనకొక మంచి క్లౌడ్ గై కావాలి” అని రోజుకి ఎన్నిసార్లు వింటున్నారో గమనించండి. డేటాబేస్ చూసేది ఒక అమ్మాయి అయితే “ఆవిడే మా డేటాబేస్ గై” అని ఎవరూ అనరు, అన్నా నవ్వుతూ అంటారు. అంటే ఆ కుర్చీలో కూర్చునేది మగవాడేనని మాట ముందే తేల్చేసింది. కొత్త మనిషిని తీసుకునేటప్పుడు “ఒక గై కావాలి” అని మొదలైన సంభాషణలో మీ మనసులోకి ఎవరి రెజ్యూమె ముందు వస్తుందో చూసుకోండి. నా లెక్కలో పలకరింపు ‘గైస్’ కన్నా ఇదే పెద్ద విషయం. మినియాపొలిస్ ఆవిడ దీని గురించి రాసి ఉంటే నేను ఆమె పక్షాన ఇంకా గట్టిగా నిలబడేదాన్ని.

ఉద్యోగాల దగ్గర మాటలకి నిజంగా అంత బలం ఉంటుందా అంటే, 2011లో జేన్ స్టౌట్, నీలాంజన దాస్‌గుప్తా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన ఒకటి ఉంది. ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి, ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు కొందరికి అంతా ‘హీ’తోనే చెప్పారు, కొందరికి ‘హీ ఆర్ షీ’ అని చెప్పారు. వట్టి ‘హీ’ విన్న ఆడవాళ్లకి తమని బయట నిలబెట్టినట్టు ఎక్కువగా అనిపించింది, ఆ ఉద్యోగం మీద ఆసక్తీ తగ్గింది. ఇది ‘హీ’ గురించి, “హాయ్ గైస్” గురించి కాదు. దీన్ని అక్కడికి లాగితే అతి అవుతుంది. “క్లౌడ్ గై కావాలి, అతను ఫలానా చేయాలి” అనే మన ఇంటర్వ్యూ భాషకి మాత్రం అతికినట్టు సరిపోతుంది.

మాట నిజంగా అందరిదా కాదా తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. అటునుంచి ఇటు కూడా వస్తుందా అని చూడడం. ఆడా మగా కలిసిన గుంపుని “గైస్” అనొచ్చు. అదే గుంపుని “లేడీస్” అనండి చూద్దాం. మగవాళ్లు నవ్వుతారు, లేకపోతే ముఖం మాడ్చుకుంటారు. మగ ఆటగాళ్లు సరిగ్గా ఆడకపోతే కోచ్ “కమాన్ లేడీస్” అని తిట్టడం ఇంగ్లిష్ లోకంలో పాత అలవాటు. మన దగ్గరా అంతే. కూతుర్ని “ఏరా తిన్నావా” అని ముద్దుగా పిలుస్తాం, ఆడపిల్లలు ఒకరినొకరు “రేయ్” అనుకుంటారు, హైదరాబాద్ కాలేజీల్లో “మామా” అని కూడా అనుకుంటారు. కొడుకుని “ఏమే తిన్నావా” అంటే వాడు వారం మాట్లాడడు. మగ మాట ఆడవాళ్లకి ఇస్తే ప్రమోషన్, ఆడ మాట మగవాళ్లకి ఇస్తే అవమానం. మీ అమెరికా ఆవిడకి మండేది బహుశా ఈ వన్‌వే ట్రాఫిక్ దగ్గరే. ఆ మంటలో న్యాయం ఉంది.

న్యాయంగా చెప్పాలంటే తెలుగు ఒక చోట ఈ లెక్క తప్పించుకుంది. ముద్దు మాటలు మనకి రెండు వైపులా వెళ్తాయి. కూతుర్ని “ఏం నాన్నా” అంటాం. కుర్రాడిని పెద్దవాళ్లు “చెప్పమ్మా”, “కూర్చోమ్మా” అంటారు, ఏ కుర్రాడూ చిన్నబుచ్చుకోడు. జట్టు మాటలు ఒకవైపే పోతాయి, ముద్దు మాటలు రెండువైపులా పోతాయి. ఎందుకో ఎవరైనా భాషాశాస్త్రం చదివే విద్యార్థి తీరిగ్గా రాయాల్సిన విషయం, నేను దాని జోలికి పోను.

మీ టీమ్ అమ్మాయిలు “మాకేం ప్రాబ్లమ్ లేదు మేడమ్” అన్నారని రాశారు. నిజంగానే లేకపోవచ్చు, నేను నమ్ముతాను. కానీ ఆ వాక్యం చివర ఉన్న ‘మేడమ్’ని కూడా లెక్కలో వేసుకోండి. వాళ్ల అప్రైజల్ రాసేది మీరు. ‘బ్రో’ గురించి బాధపడుతున్న అమ్మాయి కూడా ఆ నలుగురిలోనే ఉంది కదా. నలుగురిలో నిలబెట్టి అడిగితే ‘ప్రాబ్లమ్ లేదు’ అన్న పిల్లే లంచ్ దగ్గర ఇంకో మాట చెప్పింది. అందుకని ఆ జవాబుని సర్టిఫికెట్‌లా గోడకి తగిలించకండి.

మాట మార్చుకోవడం పెద్ద పనేమీ కాదని ఈ మధ్య చాలాసార్లు చూశాం. 2021 సెప్టెంబర్‌లో క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ ‘బ్యాట్స్‌మన్’ తీసేసి ‘బ్యాటర్’ అని పెట్టింది. మొదట కొందరు వెక్కిరించారు. ఇప్పుడు తెలుగు కామెంటరీలో కూడా ‘బ్యాటర్’ అని వినిపిస్తుంటే ఎవరూ ఉలిక్కిపడటం లేదు. 2023 జనవరిలో కేరళ బాలల హక్కుల కమిషన్, బడుల్లో సార్, మేడమ్ బదులు అందర్నీ ‘టీచర్’ అని పిలవమని చెప్పింది. అక్కడ పాలక్కాడ్ జిల్లాలో ఒక బడి అంతకుముందే ఆ పని చేసేసింది. మరీ ‘గైస్’ మీదే యుద్ధం చేసినవాళ్లూ ఉన్నారు. అమెరికా ప్రభుత్వంలో అప్పట్లో ఉన్న 18ఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ విభాగం, 2016 నాటికే తమ ఆఫీసు చాట్‌లో ఎవరైనా ‘గైస్’ అని టైప్ చేస్తే ఒక బాట్ వచ్చి వేరే మాట సూచించేలా పెట్టుకుంది. వాళ్లకది నచ్చి పెట్టుకున్నారు, సరే. మీరు మాత్రం ఆ పని చేయకండి. మేనేజర్ పెట్టిన బాట్ అంటే టీమ్‌కి ఇంకో టెన్షన్. మాట మీద కన్నా మీ మీద కోపం వస్తుంది.

రూల్ పెట్టకండి, మెయిల్ పంపకండి. మీ నోటి మాట మాత్రం మార్చుకోండి. ‘హాయ్ ఆల్’, ‘హాయ్ టీమ్’, ‘ఎవ్రీవన్’, వీటిలో ఏదైనా సరే. ‘ఫోక్స్’ అంటే మన నోట్లో కాస్త కృతకంగా ఉంటుంది, మీకు నచ్చితే వాడండి. ‘యాల్’ మాత్రం వద్దు, గచ్చిబౌలి యాసలో అది అస్సలు పండదు. కాల్‌లో మన వాళ్లే ఉన్నప్పుడైతే ఇంగ్లిష్ కూడా అక్కర్లేదు, “అందరూ వచ్చారా?” చాలు. తెలుగు క్రియలో ఉన్న సౌకర్యం ఇదే. ఏకవచనంలో మన వ్యాకరణం ఆడవాళ్లకి పెద్ద మర్యాదేమీ చేయలేదు, ‘అమ్మాయి వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని ఒకే గాటన కట్టింది. బహువచనానికి వచ్చేసరికి మాత్రం ‘వచ్చారు’ అన్నదాంట్లో ఆడా మగా తేడా లేదు. తెలంగాణలో ‘వచ్చిండ్రు’ అన్నా అంతే.

‘డేటాబేస్ గై’ విషయంలో మాత్రం కాస్త పట్టుగా ఉండండి. ముఖ్యంగా హైరింగ్ మాటలప్పుడు. “గై కాదు, మనిషి” అని పాఠం చెప్పక్కర్లేదు. ఎవరైనా “ఒక క్లౌడ్ గై కావాలి” అంటే మీరు “క్లౌడ్ తెలిసినవాళ్లు ఎవరున్నారు?” అని అందుకోండి. ‘తెలిసినవాళ్లు’లో ఇద్దరూ ఉన్నారు.

ఇక మీ అమ్మాయి. ‘డ్యూడ్’ 1883 ప్రాంతంలో న్యూయార్క్ పత్రికల్లో గుప్పుమన్న వెక్కిరింపు. షోకుగా బట్టలేసుకుని తిరిగే సోగ్గాళ్లని అనేవాళ్లు. అప్పుడే ఆడ సోకుగత్తెలకి ‘డ్యూడీన్’, ‘డ్యూడెస్’ అని వేరే మాటలు కూడా పుట్టాయి. అంటే మొదట్లో అది అందరిదీ కాదు, ఆడవాళ్లకి విడిగా మాట కావాల్సి వచ్చింది. ఆ ఆడ మాటలు రెండూ ఎగిరిపోయాయి, ‘డ్యూడ్’ మిగిలింది. స్కాట్ కీస్లింగ్ అనే భాషాశాస్త్రవేత్త 2004లో ఈ ఒక్క మాట మీదే ఒక వ్యాసం రాశారు. కుర్రాళ్లు కుర్రాళ్లతో ఎక్కువగా వాడినా అమ్మాయిలు కూడా తమలో తాము వాడుతున్నారని, దగ్గరితనం చూపిస్తూనే మరీ దగ్గర కాకుండా ఉండటానికి అది పనికొస్తుందని తేల్చారు. మన ‘బ్రో’ చేసే పనీ దాదాపు అదే. మీ అమ్మాయి నోట్లో మాత్రం ‘డ్యూడ్’ మిమ్మల్ని పిలవడం కూడా కాదు, “అబ్బా”, “ఛీ” లాంటి ఊతపదం. “డ్యూడ్, ఉప్మా మళ్లీనా?” అంటే ఆ బాధంతా ఉప్మా గురించే. మీకు చిరాకొస్తే అది ఆడ మగ గొడవ కాదు, తల్లిని సమానంగా పిలుస్తోందన్న చిరాకు. అది మీ ఇంటి మర్యాదల సంగతి, మీరూ మీరూ తేల్చుకోండి. అత్తగారి ముందు అనకుండా ఉంటే చాలని నా అభిప్రాయం.

మిగిలింది మినియాపొలిస్ ఆవిడ. “ఆ మాట నేర్పిందే వాళ్లు” అన్న మీ కోపం నాకు అర్థమైంది. ఇంగ్లిష్ మనం అద్దెకి తెచ్చుకున్నది కాదు, ఇప్పుడు మనది కూడా. మన ఆఫీసులో ‘గైస్’కి మన అర్థం ఉంది, దాన్ని ఆవిడ మార్చలేదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆవిడది ‘యూ గైస్’ అని మాట్లాడే ఊరు. అక్కడే పెరిగిందో, తర్వాత వచ్చి చేరిందో మనకి తెలీదు గానీ, ఆ మాట ఆమెకి కొత్త కాదు. రోజూ వింటూ, విని విని, ఇక వద్దనుకుని ఉంటుంది. అదీ కాల్‌లో అందరి ముందూ అనలేదు, విడిగా, “ఏమీ అనుకోకండి” అని మొదలుపెట్టి రాసింది. మీ టీమ్ కుర్రాడికి ఆ అమ్మాయి చెప్పలేకపోతున్న మాటే ఈవిడ మీకు చెప్పగలిగింది.

ఇంతకాలం జవాబు ఇవ్వకపోతే ఈ వారం ఇచ్చేయండి. ‘గైస్’ చరిత్ర, గై ఫాక్స్, మన దగ్గర ఆడవాళ్లకీ వాడతారన్న వాదన ఏవీ వద్దు. “చెప్పినందుకు థాంక్స్, ఇకనుంచి వేరేగా పలకరిస్తాను. పొరపాటున నోరు జారితే పట్టించుకోకండి, పాత అలవాటు” అని రెండు లైన్లు. నోరు కచ్చితంగా జారుతుంది. జారినప్పుడు కాల్ ఆపి క్షమాపణలు చెప్పకండి, అజెండాలో తర్వాతి అంశానికి వెళ్లిపోండి.

‘బ్రో’ కుర్రాడు మాత్రం రెండు వారాల తర్వాత కూడా మారకపోతే, అప్పుడు ఒంటరిగా పిలిచి, పేర్లేవీ చెప్పకుండానే, ఇది సలహా కాదని స్పష్టంగా చెప్పండి.